పచ్చడి జాడీ మీద గుండు

మాచవరంలో బాలకోటయ్య మేస్త్రి గోడ కట్టాడంటే దానికి గుండు కట్టి చూసేవాడు లేడు.

గుండంటే తాపీపనివాళ్ళు దారానికి కట్టి వేలాడదీసే ఇనప గుండు. పైనుంచి వదిలితే దారం నిట్టనిలువుగా నిలబడుతుంది. గోడ దారంతో కలిస్తే గోడ సరి. కలవకపోతే మేస్త్రికి మాట. ఏ ఊరి మేస్త్రి అయినా చేసేది ఇదే. బాలకోటయ్య మాత్రం ముప్పయ్యేళ్ళుగా గుండు ముట్టలేదు. ఏడడుగులు వెనక్కి నడిచేవాడు. ఎడమ కన్ను మూసేవాడు. కుడి కంటితో ఒక్క చూపు చూసి "నిలిచింది" అనేవాడు. అంతే. ఆ మాట అన్నాక కూడా గుండు కట్టడమంటే ఆయన్ని నలుగురిలో చెప్పు తీసుకుని కొట్టడమేనని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఆయన గుండు ఇంట్లోనే ఉండేది. గోంగూర పచ్చడి జాడీ మూత మీద. అక్కడ పెట్టింది ఆయన భార్య నాగులమ్మ.

"ఎటూ వాడేది లేదుగా. పిల్లి మూత తియ్యకుండా అన్నా ఉంటది" అంది.

బాలకోటయ్య దేనికీ పెద్దగా ఏమీ అనడు. మాటలు ఎక్కువైతే కలిపిన సున్నం ఎండిపోద్ది అనేవాడు. ఆ మాట కూడా ఏడాదికి ఒకసారి.

ఎనభయ్యారు వైశాఖంలో శ్రీమన్నారాయణ మిద్దె మొదలుపెట్టాడు. రెండేళ్ళు వరసగా మిరప కలిసొచ్చిన రైతు. ఇల్లు బస్సు రోడ్డు పక్కనే. గుమ్మానికి దర్వాజా ఎత్తడానికి గురువారం ముహూర్తం పెట్టారు. మిద్దె మొత్తం బాలకోటయ్యే కట్టాలి. ఊళ్ళో మొదటి రెండంతస్తుల మిద్దె అది. అది కట్టేస్తే ఇక తాపీ గూట్లో పెట్టినా పేరు నిలబడిపోతుందని ఆయన లోపల్లోపల అనుకున్నాడు. పైకి అనలేదు.

ముహూర్తం వారంలో మేస్త్రి గడ్డంతో కనబడకూడదు. అందుకని ఆదివారం రోశయ్య దగ్గర క్షవరం చేయించుకున్నాడు. రోశయ్య గడ్డం గీసి, మీసం కత్తిరించి, తల మర్దనా చేసి, చివర్లో మెడ విరిచాడు. అది ఆయన పనిలో భాగం. మెడ విరవకపోతే క్షవరం సగమే అయినట్టు ఊళ్ళో లెక్క. కుడివైపు విరిస్తే టక్కున మోగింది. ఎడమవైపు మోగలేదు. మోగనిదే వదలడం రోశయ్యకి చేతకాదు. రెండోసారి, కాస్త గట్టిగా, ఎడమవైపు విరిచాడు. మోగింది.

"ఆఁ. ఇప్పుడయింది" అన్నాడు రోశయ్య.

సోమవారం తెల్లారుతూ మంచం మీంచి లేవబోతే ఇంటి కప్పు సున్నం గానుగలాగా తిరిగింది. బాలకోటయ్య కూర్చున్నచోటే వాంతి చేసుకున్నాడు. నిలబడితే ఎడమవైపు తోసుకుపోయి గోడకి కొట్టుకున్నాడు. అప్పుడు మొదలైనయి ఎక్కిళ్ళు. నీళ్ళు తాగబోతే సగం ముక్కులోంచి వచ్చినయి. "ఏమే" అని పిలిస్తే గొంతు కూడా ఆయనది కాదు. పగిలిన సన్నాయిలాగా వచ్చింది.

నాగులమ్మ పరిగెత్తి నెహెమ్యాని పిలుచుకొచ్చింది. నెహెమ్యా సైకిలు మీద తిరిగి సూదులేసే ఊరి వైద్యుడు.

"బాబాయ్, చెయ్యి లేపు" అన్నాడు. లేపాడు. రెండోది లేపమన్నాడు. లేపాడు. "ఏదీ, నా చెయ్యి పట్టు" అన్నాడు. పట్టాడు. నెహెమ్యా "అమ్మో" అని లాక్కున్నాడు.

"పిన్నీ, ఇది వాతం కాదు. వాతమైతే చెయ్యి పడిపోవాల, కాలు పడిపోవాల, మూతి వంకరపోవాల. ఈయన పట్టు చూడు, నా ఏళ్ళు నలిగినయ్. ఇది పైత్యం. ఎండ తలకెక్కింది."

కుడి జబ్బకి సూది వేశాడు. బాలకోటయ్య కనురెప్ప కూడా కదల్లేదు.

"నొప్పి పుట్టలా బాబాయ్?"

"ఏసినావా?" అన్నాడు బాలకోటయ్య.

నెహెమ్యా దాన్ని తన చేతి గొప్పతనం కింద లెక్కేసుకున్నాడు. ఆ వారమంతా సైకిలు ఎక్కడ ఆపితే అక్కడ చెప్పాడు.

మంగళ, బుధవారాలు తల తిరగడం తగ్గింది. ఎక్కిళ్ళు తగ్గలేదు. బుధవారం అన్నం దగ్గర బాలకోటయ్య పచ్చడి కలిపిన ముద్దని ఎడమ దవడకి పెట్టి నమిలాడు. మొహం చిట్లించాడు.

"ఏమే, పచ్చడిలో మిరపకాయలు ఏశావా లేదా?"

"ఏందీ?" అంది నాగులమ్మ. పల్నాట్లో ఆడమనిషిని అడగకూడని మాట అది. "శ్రీమన్నారాయణ కళ్ళంలో కాయ అది. నూరినప్పుడు నా చేతులు రెండు రోజులు మండినయ్."

ఆయన ముద్దని కుడి దవడకి తిప్పాడు. కళ్ళలోంచి నీళ్ళొచ్చినయి. మళ్ళీ ఎడమకి తిప్పాడు. చప్పగా ఉంది. మళ్ళీ కుడికి.

"ఏందయ్యా, ముద్దని అటూ ఇటూ తిప్పుతూ ఆ మొహమేంది?"

"సగం కారం ఏశావ్" అన్నాడాయన. ఎక్కిలి వచ్చింది.

నాగులమ్మ ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. నిప్పుల్లాంటి ఎండ. ఆయన నుదురు కుడిభాగం చెమటతో కారిపోతోంది. ఎడమభాగం పొడిగా, పౌడరు రాసినట్టు ఉంది. ఎడమ కనురెప్ప సగానికి దిగి ఉంది.

"చెమట సగం మొహానికే పడుతుందేందయ్యా? రెండో సగం నీడలో ఉందా?"

"పైత్యం" అన్నాడాయన.

"రేపు పోవద్దు. యల్లమంద ఎత్తుతాడు దర్వాజా."

బాలకోటయ్య ఆమె వంక చూశాడు. పనికి పోవద్దనడం సరే. యల్లమంద పేరు చెప్పడం మాత్రం సరికాదు. యల్లమంద ఆయన దగ్గర పన్నెండేళ్ళు పనిచేసిన రెండో మేస్త్రి. మంచివాడే. ఒకటే లోపం. జేబులో ఎప్పుడూ గుండు పెట్టుకుని తిరుగుతాడు.

గురువారం పొద్దున బాలకోటయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని రోడ్డుమీదికొచ్చాడు. రోడ్డుకి ఎడమపక్కనున్న కంపచెట్లవైపు మూడుసార్లు పోయి మూడుసార్లు వెనక్కొచ్చాడు. రోడ్డే వంకరగా వేశారనుకున్నాడు.

శ్రీమన్నారాయణ ఇంటి దగ్గర చుట్టాలూ పక్కాలూ నిండి ఉన్నారు. యల్లమంద ముందురోజే చదును చేసి నీళ్ళు పోసి చూసుకున్న చోట, పంతులు మంత్రం చదువుతుండగా గడపరాయి దింపారు. కింద నవధాన్యాలు, పైన పసుపు, కుంకుమ. గడప మీద టేకు దర్వాజా నిలబెట్టారు. రెండు నిలువులూ, పైన ఒక కమ్మీ. చెరో పక్క ఇద్దరిద్దరు పట్టుకున్నారు. పంతులు చేతి గడియారం చూసి, "నాలుగు నిమిషాలే ఉంది, త్వరగా కానివ్వండి" అన్నాడు.

బాలకోటయ్య ఏడడుగులు వెనక్కి నడిచాడు. ఆరో అడుగు ఎడమకి పడింది. సర్దుకున్నాడు. ఎడమ కన్ను మూయాలి. అది అప్పటికే సగం మూసుకుని ఉంది. ఈ పైత్యం పనికొచ్చిన సంగతి ఇదొక్కటే అనుకున్నాడు.

శ్రీమన్నారాయణ భార్య సుబ్బరత్నం దర్వాజా పక్కనే హారతిపళ్ళెంతో నిలబడి ఉంది.

"ఏంది మేస్త్రీ, నాకు కన్ను కొడుతున్నావా? ముహూర్తం దర్వాజాకే గాని నాకు కాదు" అంది. ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

బాలకోటయ్యకి నవ్వు వినపడలేదు. ఆయన దర్వాజాని చూస్తున్నాడు. అది కుడికి వాలి ఉంది. బెత్తెడు. ఇంత వంకరగా నిలబెట్టి పట్టుకున్నారేమిటి వీళ్ళు, తాగొచ్చారా అనుకున్నాడు.

"ఎడమకి" అన్నాడు.

తోశారు.

"ఇంకా."

యల్లమంద తలెత్తి చూశాడు. "బాబాయ్, పోయింది చాల్లే."

"ఇంకా ఎడమకి."

"బాబాయ్, కుడి నిలువు గడపని వదిలేసి లేచింది."

"కింద చీలిక పెట్టు."

యల్లమంద ఒక నాపరాతి చీలిక తెచ్చి కుడి నిలువు కింద పెట్టాడు. చాలదన్నాడు బాలకోటయ్య. దాన్ని తీసి మూడు వేళ్ళ మందం ఉన్నది పెట్టాడు. దర్వాజా ఎడమకి వాలింది. సంతలో బేరం కుదిరి భుజం మీద చెయ్యేసి నిలబడ్డ మనిషిలాగా వాలింది. యల్లమంద చెయ్యి జేబులోకి పోయింది. బాలకోటయ్య ఆ చేతినే చూశాడు. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"ఒక్క నిమిషమే ఉంది!" అని అరిచాడు పంతులు.

"నిలిచింది" అన్నాడు బాలకోటయ్య. ఎక్కిలి వచ్చింది.

కొబ్బరికాయ కొట్టారు. అందరూ దర్వాజాని చూశారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఒక్కొక్కళ్ళూ మెడ కాస్త ఎడమకి వంచి చూశారు. అలా చూస్తే సరిగ్గానే ఉంది. శ్రీమన్నారాయణ చానాసేపు మెడ వంచి ఉంచాడు.

"బానే ఉన్నట్టుంది" అన్నాడు. ముప్పయ్యేళ్ళ మేస్త్రి మాట. కాదనడానికి ఆయనెవరు?

కానీ పిడుగురాళ్ళ బస్సుకి ఆ మొహమాటం లేదు. శుక్రవారం మధ్యాహ్నం బస్సు ఇంటిముందు నెమ్మదైంది. కండక్టరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"ఏందయ్యో, మీ దర్వాజా ఎవరికోసమో తొంగిచూస్తుందే!"

బస్సులో అందరూ నవ్వారు. శ్రీమన్నారాయణ లోపలికెళ్ళాడు. బాలకోటయ్య అన్నానికి ఇంటికెళ్ళి తిరిగొచ్చేసరికి దర్వాజా పైకమ్మీ నుంచి ఒక దారం వేలాడుతోంది. చివర గుండు. దర్వాజా ఎటో, దారం ఎటో. మధ్యలో పిల్లి దూరిపోయేంత సందు. యల్లమంద పక్కన తలొంచుకుని నిలబడ్డాడు.

బాలకోటయ్య దారం వంక చూశాడు. ఆయన కంటికి దర్వాజా నిటారుగా ఉంది. దారం కుడికి వాలి ఉంది. జన్మలో ఆయన వంకరగా వేలాడే గుండుని చూడలేదు.

"గాలి" అన్నాడు.

"బాబాయ్, ఆకు కదలటంలా."

నిజమే. వైశాఖం మధ్యాహ్నం. ఎదురింటి వేపచెట్టు బొమ్మలాగా ఉంది. బాలకోటయ్య ఏదో అనబోయాడు. వరసగా మూడు ఎక్కిళ్ళు వచ్చినయి. ఆ మాట పోయింది.

"గుండుని నమ్ముకునేవాళ్ళకి నేనెందుకు?" అన్నాడు చివరికి. చేతిలో తాపీ సున్నంలో గుచ్చి ఇంటిదారి పట్టాడు. యల్లమంద దర్వాజా ముట్టుకోలేదు. ముహూర్తానికి ఎత్తింది. అందులోనూ ఆయన ఎత్తింది. పని ఆగిపోయింది. మాచవరంలో రెండు రోజులు ఒకటే మాట. బాలకోటయ్య కన్ను పోయింది.

ఆ మాట ఆయన చెవినా పడింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పడుకున్నా ఆ గోడ కూడా వాలే ఉంది. అది ఆయన పెళ్ళికి ముందు కట్టిన మొదటి గోడ. అదే వాలిందంటే ఇన్నేళ్ళూ తను కట్టినవన్నీ వాలినవేనా? ఊరంతా వాలిన గోడల్లో కాపురం చేస్తూ తనకి చెప్పకుండా దాచిందా? బాలకోటయ్యకి జీవితంలో మొదటిసారి భయమేసింది. అయినా గోడవైపు చెయ్యి చాచి గుండు కట్టి చూసుకుందామనుకోలేదు. గుండు జాడీ మీద ఉంది. లేచి తెచ్చుకుంటే నాగులమ్మ చూస్తుంది.

శనివారం నాగులమ్మ వావిలాకు వేసి నీళ్ళు కాచింది. ఎన్ని రోగాలకైనా ఆమె దగ్గర అదొకటే మందు. పొగలు కక్కే బకెట్టు నీళ్ళు దొడ్లో పెట్టి, చన్నీళ్ళు కలపడానికి చెంబు తేబోయింది. ఆమె వచ్చేలోపు బాలకోటయ్య కుడికాలు బకెట్లో పెట్టాడు. హాయిగా ఉంది. తీసి ఎడమకాలు పెట్టాడు. నాలుగిళ్ళ అవతలికి వినపడేలా కేకేశాడు.

"ఏమే! నీళ్ళు సగమే కాచావేంది!"

"బకెట్టు ఒకటే గదయ్యా! సగం ఎట్టా కాస్తాను?"

"కుడికాలికి చన్నీళ్ళు, ఎడంకాలికి ఏణ్ణీళ్ళు!"

నాగులమ్మ ఆయన కుడికాలు చూసింది. పిక్క మీద చర్మం ఎర్రబడి బొబ్బలు లేస్తున్నయి.

"మంట లేదా?"

"లేదు."

"ఎంత కాలిందో చూడు! నీకు మంట లేదా?"

"నీకు చెబితే తెలవదా? లేదు."

నాగులమ్మ చెంబు కిందపెట్టింది. అప్పటిదాకా నవ్వుతూ తిడుతున్న మనిషి, ఆ బొబ్బల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సోమవారం మొదటి బస్సుకి నరసరావుపేట పోతున్నామని చెప్పింది. రానంటే తనొక్కతే పోయి డాక్టర్ని తీసుకొస్తానంది. ఆమె తెస్తుంది. బాలకోటయ్యకి తెలుసు.

బస్సులో ఆయన్ని కుడివైపు కూర్చోబెట్టి తను ఎడమవైపు కూర్చుంది.

"వాలితే నా మీద వాలు. పరాయోళ్ళ మీదెందుకు?"

నరసరావుపేటలో ఆ ఏడాదే ఆసుపత్రి పెట్టిన డాక్టరు సుభాషిణి. గుంటూరులో చదువుకున్న మనిషి. రెండు గదులు, ఒక ఫ్యాను. ఆమె ముందు బీపీ చూసింది. తర్వాత బాలకోటయ్యని కళ్ళు మూసుకోమంది. గుండుసూదితో ఎడమ చెంప మీద పొడిచింది.

"తెలుస్తుందా?"

"ఏలు పెట్టావ్."

"వేలు కాదు, సూది." కుడి చెంప మీద పొడిచింది.

"అమ్మా!"

ఎడమ చేతి మీద పొడిచింది. "అబ్బా!" అన్నాడు. కుడిచేతి మీద పొడిచింది. ఆయన ఏమీ అనలేదు. ఇంకోసారి పొడిచింది. అప్పుడూ అనలేదు.

సుభాషిణి సూది పక్కన పెట్టింది. లోపలిగదిలోకి పరుగులాంటి నడకతో పోయి రోలంత పుస్తకం తెచ్చుకుంది. ఒక పేజీ తీసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"అమ్మా, ఈయనకి ఎక్కిళ్ళు ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన సోమారం నుంచి" అంది నాగులమ్మ.

"గొంతు మారిందా? నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చాయా?"

"వచ్చినయ్."

"ఎడమవైపు చెమట పట్టట్లేదు కదూ? నడిస్తే ఎడమకి తోసుకుపోతున్నాడు కదూ?"

నాగులమ్మ బల్ల మీంచి లేచి నిలబడింది. "డాక్టరమ్మా, మా ఇంటికి ఎప్పుడన్నా వచ్చావా? ఎరుకలదానికంటే బాగా చెబుతున్నావే!"

"ఇదంతా పుస్తకంలో ఉందమ్మా. చదువుకున్నప్పుడు చదివాను. మనిషిలో చూడటం ఇదే మొదటిసారి. ఒక్కటి కూడా తప్పిపోలేదు! అన్నీ ఉన్నాయి!"

"జబ్బుని చూసి ఇంత సంబరపడే డాక్టర్ని నేనెక్కడా చూళ్ళేదమ్మా. బారసాలకి వచ్చినట్టుంది నీకు."

సుభాషిణి నాలుక కరుచుకుని కూర్చుంది. తర్వాత నిదానంగా చెప్పింది. మెదడు కింద, మెడ మొదట్లో, బొటనవేలంత కాడ ఉంటుంది. ఒంట్లో నరాలన్నీ దాంట్లోంచే పోవాలి. ఆ కాడకి ఎడమపక్కన రక్తం పోసే సన్న గొట్టం మూసుకుపోయింది. మొహం నరం ఏ పక్కది ఆ పక్కనే పోతుంది, అందుకని ఎడమ మొహానికి నొప్పి, వేడి తెలియవు. ఒంటి నరం అవతలి పక్కనుంచి దాటి వస్తుంది, అందుకని కుడి కాలికీ కుడి చేతికీ తెలియవు. బలాన్నిచ్చే నరాలు కాడకి ముందువైపు నుంచి పోతాయి. వాటికేమీ కాలేదు.

"అందుకే పట్టు పోలేదు. చూసినవాళ్ళు వాతం కాదనుకుంటారు. ఇదీ వాతమే. చాలా అరుదు. వాలెన్‌బర్గ్ అనే ఆయన పేరు పెట్టారు దీనికి."

"దొరా?" అన్నాడు బాలకోటయ్య. లోపలికొచ్చాక ఆయన తనంతట తాను అన్న మొదటి మాట.

"అవును, దొరే."

"దొరల జబ్బు మాకెందుకొచ్చింది?"

"మెడకి దెబ్బ తగిలినా రావచ్చు. ఈ మధ్య మెడ ఎవరన్నా గట్టిగా తిప్పారా?"

నాగులమ్మ మెల్లిగా మాచవరం ఉన్న దిక్కుకి తిరిగింది.

"రోశయ్యా..." అంది నాగులమ్మ. రోశయ్య నలభై యాభై కిలోమీటర్ల అవతల ఉన్నాడు. లేకపోతే ఆ గొంతు విని కత్తులపెట్టె వదిలేసి పారిపోయేవాడు.

బాలకోటయ్య వినడంలేదు. ఆయన డాక్టరమ్మ వెనకున్న గుమ్మాన్ని చూస్తున్నాడు. వచ్చినప్పటినుంచీ దాన్నే చూస్తున్నాడు.

"ఆ గుమ్మం ఎవడు పెట్టాడు తల్లీ? కుడికి బెత్తెడు వాలింది."

సుభాషిణి వెనక్కి తిరిగి చూసింది. ఆయన వంక చూసింది. మెళ్ళో ఉన్న స్టెతస్కోపు తీసి, రెండు వేళ్ళతో ఒక కొస పట్టుకుని, గుమ్మం పక్కన వేలాడదీసింది. బరువున్న బిళ్ళ కిందికి జారి ఊగింది. ఊగి ఊగి ఆగింది.

"ఇదెట్లా ఉంది?"

"అదీ కుడికే" అన్నాడాయన.

"దీన్ని నేను వాల్చలేదు. మీరూ వాల్చలేదు. భూమి లాగుతోంది, ఇది వేలాడుతోంది. భూమికి కూడా పైత్యం చేసిందంటారా మేస్త్రిగారూ?"

బాలకోటయ్య ఆ బిళ్ళని చానాసేపు చూశాడు. ఎక్కిలి వచ్చింది. ఇంకొకటి వచ్చింది. చివరికి చెయ్యెత్తి ఎడమ రెప్ప మీద వేలు పెట్టుకున్నాడు.

"ఇది వస్తదా?"

"కన్ను బాగానే ఉంది. లోపలి తూకం తప్పింది. రెండు మూడు నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. వేడి తెలియకపోవడం మాత్రం ఉండిపోవచ్చు. బీడీలు కాలుస్తుంటే మానాలి. మాత్రలు రోజూ వేసుకోవాలి. గడ్డం రొమ్ముకి ఆనించి, గుక్కలో కొంచెమే మింగాలి. మెడ ఎవరిచేతికీ ఇవ్వకూడదు."

"అప్పటిదాకా నిలువు ఎట్టా చూడాల?"

"అది నన్నడుగుతారేంటి? మీ పనిలో దానికి వస్తువేమీ లేదా?"

బాలకోటయ్య తిరుగుబస్సులో నాగులమ్మ భుజం మీద వాలి కూర్చున్నాడు. సత్తెనపల్లి రోడ్డు దాటాక ఒక్కసారి నవ్వాడు. నాగులమ్మకి భయమేసింది.

"ఏందయ్యా?"

"శ్రీమన్నారాయణ. మెడ వంచాడు" అన్నాడు.

"ఎప్పుడు?"

"కొబ్బరికాయ కొట్టినప్పుడు. అందరూ వంచారు. ఒక్కడు అనలేదు, వాలిందని."

"అంటే ఊరుకుంటావా నువ్వు?"

"ఊరుకోను" అన్నాడు. కొంచెంసేపాగి, "నా గోడలు బానే ఉన్నయన్నమాట" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన వంటింట్లోకి వెళ్ళి జాడీ మీది గుండు తీసుకున్నాడు. దానికి ముప్పయ్యేళ్ళ నూనె, కారం అంటుకుని ఉంది. పంచెకొంగుతో తుడిచాడు. నాగులమ్మ చూసింది. ఆయన వెనకే ఎడమపక్కన నడిచింది. కంపచెట్లవైపు పోయినప్పుడల్లా మోచేత్తో తోస్తూ.

శ్రీమన్నారాయణ ఇంటి దగ్గర యల్లమంద, పంతులు, ఇంటివాళ్ళు, రోడ్డున పోయేవాళ్ళు కొందరు. పని ఆగితే జనం చేరడం మామూలే. బాలకోటయ్య దర్వాజా దగ్గరికి నడిచాడు. ఏడడుగులు వెనక్కి పోలేదు. తిన్నగా పైకమ్మీకి దారం చుట్టి, గుండు వదిలాడు. తనే. అందరిముందూ.

ముప్పయ్యేళ్ళలో ఎవరూ చూడని పని అది.

"నాకు వాతం వచ్చింది" అన్నాడు, పగిలిన గొంతుతో. "దొరల వాతం. నా కంటికి లోకం వంకరగా ఉంది. దర్వాజా నిజంగా వంకరగా ఉంది. తీసి సరిచెయ్యాల."

"తియ్యకూడదు" అంది సుబ్బరత్నం వెంటనే. "ముహూర్తానికి ఎత్తిన దర్వాజా తీస్తే ఇంటికి చేటు. పంతులుగారూ, చెప్పండి."

పంతులు గొంతు సవరించుకున్నాడు. వాలిన దర్వాజాకి ముహూర్తం పెట్టిన పంతులని బస్సులో తననీ అనడం ఆయన విన్నాడు.

"గడపకి ముహూర్తం పెట్టాను. గడప కదలకూడదు. దర్వాజా గడప మీంచి దిగకూడదు. కానీ ఆ చీలికకి నేను ముహూర్తం పెట్టలేదు. దానికి పసుపూ పెట్టలేదు, కుంకుమా పెట్టలేదు. అది ఉంటే ఏం, పోతే ఏం?"

సుబ్బరత్నం ఆలోచించింది. చీలిక సంగతి శాస్త్రంలో లేదని ఆమెకీ తెలుసు. "అయితే కానివ్వండి" అంది. "కానీ మేస్త్రీ, ఈసారి నాకు కన్ను కొట్టబాక."

"రెప్ప నా మాట ఇనదమ్మా" అన్నాడు బాలకోటయ్య. "కొడితే వాలెన్‌బర్గు దొరని అడుగు."

యల్లమంద, ఇంకో ఇద్దరు దర్వాజా పట్టుకున్నారు. బాలకోటయ్య గడప పక్కన గొంతుక్కూర్చుని, సుత్తితో చీలికని కొడుతుంటే అది కొద్దికొద్దిగా బయటికొచ్చింది. ఒకసారి సుత్తి జారి కుడికాలి బొటనవేలి మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా "అబ్బా" అన్నారు. ఆయన అనలేదు. పనికి ఇది కూడా కలిసొచ్చేట్టుందే అనుకున్నాడు. చీలిక ఊడింది. కుడి నిలువు వచ్చి గడప మీద కూర్చుంది. దర్వాజా లేచి నిలబడింది. దారం దాని అంచుకి గీత గీసినట్టు ఆనుకుంది.

బాలకోటయ్య లేచాడు. ఈసారి ఏడడుగులు వెనక్కి నడిచాడు. పక్కకి పోకుండా నాగులమ్మ మోచెయ్యి పట్టుకుంది. దర్వాజా వంక చూశాడు. చూసి, కళ్ళు దించి, దారం వంక చూశాడు. మళ్ళీ దర్వాజా వంక చూశాడు.

శ్రీమన్నారాయణ మెడ వంచకుండా నిలబడ్డాడు. "నీ కంటికి ఎట్టా ఉంది మేస్త్రీ?"

"నా కంటికి కుడికి బెత్తెడు వాలింది."

"అంటే?"

బాలకోటయ్యకి ఎక్కిలి వచ్చింది. అది పోయేదాకా అందరూ ఆగారు.

"నిలిచింది" అన్నాడు.

యల్లమంద సున్నంలో గుచ్చి ఉన్న తాపీ తీసి, కడిగి, బాబాయ్ చేతికిచ్చాడు. ఎండిన సున్నం ఇంకా పిడికి అంటుకునే ఉంది. మిద్దె మిగతా గోడలకి గుండు ఎవరు పట్టుకోవాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుండగా, నాగులమ్మ కిందికి వంగి రాతి చీలికని తీసుకుంది. దుమ్ము దులిపి, కొంగులో కట్టుకుంది.

"అదెందుకే?" అన్నాడు బాలకోటయ్య.

"గుండు నువ్వు తెచ్చుకుంటివి. పిల్లి ఊరుకుంటదా?"